ఉత్తరాంధ్ర పిల్లల చిరుతిళ్లు

చిరుతిండి పెద్దలకు కాలక్షేపం. పిల్లలకు అది భోజనంలో భాగం. కడుపు చిన్నది, ఆట ఎక్కువ. మూడు పూటలా పెట్టే అన్నంతోనే ఎదిగే ఒంటికి కావలసినదంతా అందదు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో సవరించిన లెక్క ప్రకారం 4–6 ఏళ్ల బిడ్డకు రోజుకు సుమారు 1,360 కిలోకేలరీల శక్తి, 550 మిల్లీగ్రాముల కాల్షియం, 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. శక్తి ఎలాగో సమకూరుతుంది. కాల్షియం, ఇనుము దగ్గరే లోటు పడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 6 నెలల నుంచి 59 నెలల వయసు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంతకు ముందు సర్వేలో ఇది 58.6 శాతం. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 31.2 శాతం. పొద్దున పదకొండుకో సాయంత్రం నాలుగుకో బిడ్డ చేతిలో ఏం పెడతామన్నది ఈ అంకెలతో కలిపి చూడాల్సిన సంగతి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు, వాటి మన్యం భాగాలతో 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లా ఈ విషయంలో దండిగా ఉన్న ప్రాంతం. మెట్టలో చోళ్లు, గంటెలు, నువ్వులు, ఉలవలు, వేరుశనగ పండుతాయి. శ్రీకాకుళం తీరాన ఉన్న ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస ఉన్నాయి. సీతంపేట కొండల నుంచి అనాస, సీతాఫలం దిగుతాయి. ఊరూరా తాటిచెట్లు సరేసరి. ఇన్ని ఉన్నా బడి వదలగానే పిల్లలు పరిగెత్తేది కిరాణా కొట్టు గుమ్మానికి దండల్లా వేలాడే పాకెట్ల దగ్గరికే. తిండి దొరక్క కాదు, ఆ పూట దాన్ని చేసి పెట్టే తీరిక ఇంట్లో లేక.

చోళ్లు

రాగుల్ని ఇక్కడ చోళ్లంటారు. చోడి అంబలి తాగి పొలానికి వెళ్లిన తరం ఇంకా ఉంది. తర్వాతి తరానికి చౌక బియ్యం వచ్చి అంబలి పేదింటి గుర్తుగా మిగిలింది. ఇప్పుడదే చోడిపిండి ‘మాల్ట్’ పేరుతో రంగుల డబ్బాల్లో తిరిగి వస్తోంది. పేరు మారినా గింజ గుణం మారదు. 2017 భారతీయ ఆహార పోషక పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మన ధాన్యాల్లో ఇంత కాల్షియం మరి దేనిలోనూ లేదు. 30 గ్రాముల పిండితో చేసిన ఒక గ్లాసు జావలో 110 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే ఆరేళ్ల లోపు బిడ్డ రోజు అవసరంలో అయిదో వంతు.

చోళ్ల మీద దేశం తెలుసుకున్న దాంట్లో విజయనగరం వాటా చిన్నది కాదు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఇక్కడి పరిశోధన స్థానం దశాబ్దాలుగా చోడి వంగడాలు రూపొందిస్తోంది. చంపావతి, వేగవతి, సువర్ణముఖి అని వాటికి ఈ ప్రాంతపు నదుల పేర్లే పెట్టారు. ఇక్కడే పుట్టిన సీఎఫ్‌ఎంవీ–1 రకానికి ఇంద్రావతి అని పేరు. 100 గ్రాములకు 428 మిల్లీగ్రాముల కాల్షియంతో పాటు ఇనుము, జింకు కూడా ఎక్కువగా ఉన్న రకం అది. 2020 అక్టోబరు 16న ప్రధాని జాతికి అంకితం చేసిన 17 పోషక వంగడాల్లో ఇదీ ఒకటి. ఊళ్లో పుట్టిన ఈ రకం ఊళ్లోని పిల్లల గ్లాసులోకి ఎంత వచ్చిందన్నది వేరే ప్రశ్న.

పిండి కొట్టించే పద్ధతిలో ఒక కిటుకుంది. చోళ్లను రాళ్లు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూటకట్టి, మూట ఆరిపోకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరిస్తుంటే ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొలక పొడుచుకొస్తుంది. వాటిని నీడన ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపితే ఎండిన మొలకలు రాలిపోతాయి. చెరిగి, కమ్మని వాసన వచ్చే దాకా సన్నటి సెగ మీద వేయించి మరపట్టించాలి. ఇంత శ్రమ ఎందుకంటే, మొలకెత్తేటప్పుడు గింజలో పిండిపదార్థాన్ని విరగగొట్టే ఎంజైములు తయారవుతాయి. మామూలు పిండి రెండు చెంచాలు వేస్తేనే జావ ముద్దకడుతుంది. మొలకెత్తిన పిండి మూడు నాలుగు చెంచాలు పట్టినా జారుగానే ఉంటుంది. చిన్న కడుపు అదే గ్లాసులో రెట్టింపు తిండి తీసుకుంటుంది. ఇనుమును ఒంటికి పట్టనీయని ఫైటేట్లు కూడా మొలకెత్తితే, పులిస్తే తగ్గుతాయి. అంబలిని రాత్రే కలిపి పులియబెట్టిన పాతకాలం ఇల్లాలికి ఎంజైము పేరు తెలియదు, పని తెలుసు.

పిల్లలు జావ వద్దనడానికి తరచు రెండే కారణాలు కనిపిస్తాయి: రంగు, ఉండలు. రంగును ఏమీ చేయలేం. ఉండలు కట్టకుండా పిండిని ముందు చల్లటి నీళ్లలో జారుగా కలుపుకొని, మరిగే నీళ్లలో పోస్తూ తిప్పాలి. అయినా తాగకపోతే అదే పిండితో పిట్టు చేసి కొబ్బరి కోరు కలపొచ్చు. ఉల్లిపాయ, మునగాకు వేసి రొట్టె కాల్చొచ్చు. మునగాకు వేసిన చోడి రొట్టె బాక్సులో చల్లారినా తినబుద్ధవుతుంది. చల్లారిన జావ అలా కాదు.

నువ్వులు, వేరుశనగ, ఉలవలు

మిగతా మెట్ట పంటల్లో నువ్వులది పెద్ద పీట. వాటిలో కాల్షియం 100 గ్రాములకు 1,000 మిల్లీగ్రాములు దాటుతుంది. అయితే పొట్టులో ఉండే ఆక్సలేట్ దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి పట్టికలో కనిపించినంతా ఒంటపట్టదు. వేయించి, దంచి, బెల్లంతో చేసిన చిన్న నువ్వుల ఉండ రోజుకొకటి చాలు. నమలని నువ్వు గింజ లోపలికి వెళ్లినట్టే బయటికి వస్తుంది, అందుకే దంచడం.

వేరుశనగలో నాలుగో వంతు దాకా మాంసకృత్తులే. ధర చూసినా, దొరకడం చూసినా బాదంతో పోటీ పడగల గింజ ఇదే. పొలం నుంచి వచ్చిన పచ్చి కాయల్ని ఉప్పు నీళ్లలో తొక్కతో ఉడకబెట్టి ఒక పళ్లెంలో పోస్తే, వలుచుకు తినడమే పిల్లలకు అరగంట పని. నిల్వ కాయల దగ్గర మాత్రం కఠినంగా ఉండాలి. తడి తగిలి బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకున్నవి, రంగు మారినవి, ముక్క వాసన వేసేవి ఏరి పారేయాలి. చిక్కీ కొనేటప్పుడు ఈ ఏరే పని మన చేతిలో ఉండదు కాబట్టి తయారీ తేదీ, తేమ చూసి కొనాలి.

ఉలవల్ని ఎడ్లకు, ఉలవచారుకు వదిలేశాం. 100 గ్రాముల్లో 21 గ్రాములకు పైగా మాంసకృత్తులు, 8 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉన్న గింజ అది. రాత్రి నానబోసి, మెత్తగా ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి నిమ్మకాయ పిండితే గుగ్గిళ్లు అయిపోతాయి. ఆ నిమ్మచెక్క రుచికే అనుకోవద్దు. గింజల్లోని ఇనుమును పేగులు బాగా పీల్చుకోవాలంటే పక్కన విటమిన్ సి ఉండాలి. నిమ్మ లేకపోతే జామకాయ ముక్క పెట్టండి. జామలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. బొబ్బర్లు, శనగలు, పెసలతోనూ ఇదే పద్ధతి. గంటెల్లో ఇనుము చోళ్లకంటే ఎక్కువ, ఆ పిండి రొట్టెకు బాగా నప్పుతుంది.

ఒడిశా సరిహద్దు దగ్గరి ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా సాయంత్రం బళ్ల మీద దొరికే మూరీ మిక్చర్‌ను తీసిపారేయనక్కర్లేదు. మూరీలు (మరమరాలు) నూనెలో వేగినవి కావు. ఇంట్లో వాటిలో వేయించిన పల్లీలు, ఉల్లి, టమాటా, కొత్తిమీర, నిమ్మరసం కలిపితే అయిదు నిమిషాల్లో మంచి చిరుతిండి. బండి దగ్గర అందులో పడే కారప్పూస, ఉప్పు, పైన చిలకరించే నూనె అసలు చిక్కు. చుట్టి ఇచ్చే వార్తాపత్రిక కూడా. అచ్చు సిరాలోని రసాయనాలు తిండిలోకి దిగుతాయి కాబట్టి ఆ కాగితంలో తినుబండారాలు చుట్టడాన్ని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిషేధించింది.

ఉద్దానం జీడిపప్పు, భీమాళి తాండ్ర

పలాస–కాశీబుగ్గలో జీడిపిక్కల్ని కాల్చి, కొట్టి, పప్పు వలిచే పరిశ్రమలు వీధివీధినా ఉన్నాయి. పప్పు పరిమాణాన్ని బట్టి ధర కడతారు. గుండు పప్పుకు ఎక్కువ, బద్దకు తక్కువ, ముక్కకు ఇంకా తక్కువ. పోషకాల్లో మూడింటికీ తేడా లేదు. పిల్లల కోసం కొనేవాళ్లు ముక్క కొనడమే తెలివి. నాలుగైదు పప్పుల పాటి ముక్కలు ఒక పూటకు చాలు. దాదాపు సగం బరువు కొవ్వే కాబట్టి గుప్పెళ్లతో పెట్టకూడదు. ఇదే ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను పట్టి పీడిస్తోంది. దానికి కారణం ఇప్పటికీ తేలలేదు. జబ్బున్న పెద్దలకు డాక్టర్లు గింజలు, కొబ్బరినీళ్లు, కొన్ని పళ్లు తగ్గించమంటారు. ఆ పథ్యాన్ని ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అంటగట్టే ఇళ్లు ఉంటాయి, అది అవసరం లేదు. ఉప్పు తగ్గించడం మాత్రం ఇంటిల్లిపాదికీ మంచిదే.

కొబ్బరి ముక్క, బెల్లం ముక్క కలిపి నమలడం ఈ తీరంలో పాత అలవాటు. అయితే 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. కొబ్బరిచెట్టు తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పట్టే సంగతి అక్కడి రైతు పిల్లలకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

పనస తొనలు తిన్నాక పిక్కలు పారేసే ఇంట్లో వాటిని ఉడకబెట్టి తొక్క తీసి పెట్టే ముసలమ్మ ఒకరుంటే పిల్లల అదృష్టం. ఎండాకాలపు మరో సరుకు మామిడి తాండ్ర. విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలంలోని భీమాళి దీనికి పేరు. మామిడిరసంలో తీపి కలిపి చాపల మీద పూతగా పోసి ఎండబెడతారు. ఆరాక దాని మీద మరో పూత పోస్తారు. ఇలా పొర మీద పొర పేరుకొని మందమవుతుంది. రసం చిక్కబడేకొద్దీ తీపి కూడా చిక్కబడుతుంది కనుక తాండ్రను పండు కింద లెక్కేయకూడదు, మిఠాయి కింద లెక్కేయాలి. చిన్న ముక్క తిని నోరు పుక్కిలిస్తే బాధ లేదు. పండు దొరికే రోజుల్లో పండే పెట్టాలి: వేసవిలో మామిడి, తాటిముంజలు, వానల్లో సీతంపేట అనాస, దసరా నాటికి సీతాఫలం, చలికి రేగుపళ్లు, జామ.

తాటిచెట్టుది ప్రత్యేక అధ్యాయం. మండు వేసవిలో ముంజలు, భాద్రపదంలో పండు, పండు తిన్నాక పాతర వేసిన టెంక నుంచి చలికాలానికి తేగలు, ఆ టెంక పగలగొడితే బుర్రగుంజు. తేగల్ని తంపట వేసి కాల్చినా, ఉడకబెట్టినా నూనె, ఉప్పు, పంచదార ఏవీ తగలని తిండి అది. పిండిపదార్థం, పీచు దండిగా ఉంటాయి. చిన్నపిల్లలకైతే పీచు లాగేసి ముక్కలు చేసివ్వాలి. చిలగడదుంపల్నీ ఇలాగే కాల్చో ఉడకబెట్టో పెట్టొచ్చు. సంతలో తేగల కట్ట కొనే తల్లి పాకెట్ కొనే తల్లి కంటే ఎక్కువేమీ ఖర్చుపెట్టదు.

పాతదంతా మంచిది కాదు

అమ్మమ్మ చేతి వంటన్నంత మాత్రాన అది పోషకాహారం అయిపోదు. జంతికలు, చేగోడీలు, బెల్లం గవ్వలు, పాకుండలు, అరిసెలు అన్నీ నూనెలో వేగినవే. వీటిలో చాలావాటికి మూలం బియ్యప్పిండే. అవి పండగ వంటలు. సంక్రాంతికి డబ్బాల్లో నింపి పది రోజులు తినడంలో తప్పు లేదు, ఏడాదంతా సాయంత్రపు తిండి అదే అయితే తప్పు. మినుములతో చేసే ఆవిరి కుడుము, సున్నుండ వీటికంటే మేలు. కుడుముకు నూనె అక్కర్లేదు, సున్నుండకు నెయ్యి, తీపి ఉన్నా పప్పు బలం ఉంది.

బెల్లం మీద ఒక భ్రమ ఉంది. పంచదార విషం, బెల్లం అమృతం అని నమ్మి గ్లాసు జావలో గుప్పెడు వేసేవాళ్లున్నారు. 100 గ్రాముల పంచదారలో 398 కిలోకేలరీలుంటే బెల్లంలో 383. ఇనుము కాస్త ఉన్న మాట నిజమే, బిడ్డకు సరిపడా ఇనుము బెల్లంతోనే రావాలంటే తినాల్సిన బెల్లానికి పళ్లు మిగలవు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు అదనపు తీపిని రోజుకు 25 గ్రాముల లోపు ఉంచమన్నాయి. రెండేళ్లు నిండని పిల్లలకు అసలు వద్దన్నాయి. జాతరల్లో అమ్మే జీళ్లు పంటికి అతుక్కుని గంటలు ఉంటాయి కాబట్టి పిప్పిపళ్లకు దగ్గరి దారి. పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున విజయనగరంలో పీచు మిఠాయి కొనివ్వని తండ్రి ఉండడు. కొననీ. ముదురు గులాబీ రంగుది కాకుండా తెల్లది అడగాలి. బట్టలకు అద్దే రోడమిన్–బి రంగు దొరికిందని 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం రంగు పీచు మిఠాయిని నిషేధించింది.

టీ, రస్కు, పాకెట్

ఇక్కడి చాలా ఇళ్లలో పిల్లల రోజు టీలో ముంచిన రస్కుతోనో బిస్కెట్‌తోనో మొదలవుతుంది. చూడ్డానికి అమాయకంగా ఉండే ఈ అలవాటును ఈ వ్యాసకర్త పాకెట్ కంటే ముందు మాన్పించాలంటాడు. టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి. ఆ తర్వాత గంటలోపు తిన్న తిండిలోని ఇనుము కూడా సరిగా ఒంటపట్టదు. ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు పిల్లలకు రక్తం తక్కువగా ఉన్న రాష్ట్రంలో పొద్దున్నే బిడ్డకు టీ ఇవ్వడం ఉన్న కాస్తనూ పోగొట్టుకోవడమే. టీకి బదులు పాలు, జావ, పలచటి మజ్జిగ, ఏదీ కుదరకపోతే మంచినీళ్లు ఇవ్వాలి.

పాకెట్ విషయానికొస్తే ముందు వైపు బొమ్మ కాదు, వెనక వైపు చిన్న అక్షరాలు చదవాలి. దినుసుల పేర్లను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. ‘మల్టీగ్రెయిన్’ అని పెద్దగా రాసిన బిస్కెట్ మీద మొదటి పేరు మైదా అయితే, రెండోది పంచదార అయితే, అది మైదా బిస్కెటే. సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పన్నమాట. రోజు అవసరంలో ఇంత శాతం అని పక్కన కనిపించే అంకె 2,000 కిలోకేలరీలు తినే పెద్దవాళ్లకు కట్టింది. అయిదేళ్ల బిడ్డకు లెక్కకడితే ఆ శాతం ఇంకా ఎక్కువవుతుంది.

బజ్జీలు, పునుగుల బళ్ల దగ్గర చూడాల్సింది మూకుడు. నూనె నల్లబడి, చిక్కబడి, పైన నురగ కట్టి ఉంటే వెనక్కి తిరగడమే. కాగిన నూనెలో ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై 1 నుంచి నియమం ఉంది, కొలిచే పరికరం మన జేబులో ఉండదు, కళ్లున్నాయి.

బడిలో, అంగన్‌వాడీలో

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు ఆరేళ్ల లోపు పిల్లలకు గుడ్డు, పాలు, బాలామృతం వంటివి ఇస్తున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో మధ్యాహ్న భోజనంతో గుడ్డు, వారంలో కొన్ని రోజులు చిక్కీ ఇస్తూ, 2023 మార్చి 21 నుంచి రాగిజావ కూడా చేర్చారు. డొక్కా సీతమ్మ పేరుతో ఇప్పుడు నడుస్తున్న పథకంలో ప్రాంతాల వారీగా వంటల పట్టిక మార్చారు. పథకాల పేర్లు ప్రభుత్వంతో మారినా గుడ్డు, చిక్కీ, జావ నిలిచాయి. మంచి పనే. బడిలో ఆ రోజు చిక్కీ ఇచ్చారని తెలిస్తే ఇంట్లో ఆ సాయంత్రం తీపి పెట్టనక్కర్లేదు. గుగ్గిళ్లో పండో చాలు.

వయసును బట్టి జాగ్రత్తలు

ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. బాట్యులిజం అనే ప్రమాదకర జబ్బు రావచ్చు. అయిదేళ్ల లోపు వాళ్లకు పల్లీలు, శనగలు, జీడిపప్పు గింజలుగా ఇవ్వరాదు. పొడిగానో ముద్దగానో ఇవ్వాలి. నేరేడు, రేగు, సీతాఫలం గింజలు తీశాకే పెట్టాలి. పరిగెత్తుతూ, పడుకుని, ఏడుస్తూ తిననీయకూడదు. భోజనానికి గంటన్నర, రెండు గంటల ముందే చిరుతిండి ముగించాలి. అన్నం తినలేదని అలిగిన బిడ్డకు వెంటనే బిస్కెట్ ఇస్తే మర్నాడు కూడా అన్నం తినడు.

బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, తీపి ఎక్కువున్న తినుబండారాలు అమ్మరాదని 2020 సెప్టెంబరులో వెలువడిన జాతీయ నిబంధనలు చెబుతున్నాయి. ఈ నియమం ఉందని తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 2024 డిసెంబరు 7న తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు మొదలయ్యాయి. ఈసారి మీ బడిలో జరిగినప్పుడు మార్కుల సంగతితో పాటు గేటు ముందు కొట్టు సంగతి కూడా అడగండి. అక్కడే ఉడికించిన పల్లీలు, జామకాయలు, తేగలు అమ్మే బండి పెట్టుకోమని ఊళ్లో ఎవరినైనా ఒప్పించగలరేమో చూడండి.